ఫైర్‌ప్లేస్‌లో కట్టెల స్టవ్ పెట్టేస్తామంటున్నారు, పెట్టొచ్చా?

ప్రశ్న: మేం అమెరికాలో, న్యూ హాంప్‌షైర్‌లో నాషువా దగ్గర 1968లో కట్టిన ఇల్లు కొన్నాం. హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంది. దాని చిమ్నీ బయటి గోడని ఆనుకుని పైకి వెళ్తుంది. పోయిన చలికాలం మంచు తుఫానులో రెండు రోజులు కరెంటు లేక ఇంటిని వేడిచేసే ఆయిల్ ఫర్నేస్ ఆగిపోయింది, రెండేళ్ళ పాపతో చాలా ఇబ్బంది పడ్డాం. అందుకని మా ఆయన ఎవరో అమ్ముతుంటే 350 డాలర్లకి పాత కట్టెల స్టవ్ కొని తెచ్చి గరాజ్‌లో పెట్టారు. దాని గొట్టాన్ని ఫైర్‌ప్లేస్‌లోంచి చిమ్నీలోకి రెండడుగులు తోసి, చుట్టూ సందుల్లో రాక్‌వూల్ (వేడికి కాలని రాతి పీచు) కుక్కేస్తే చాలని, ఈ శనివారం ఫ్రెండ్‌తో కలిసి బిగించేస్తానని అంటున్నారు. అక్టోబరులో అత్తగారు, మావయ్యగారు వస్తున్నారు. మావయ్యగారేమో ఫోన్లో "మనం కట్టెల పొయ్యి మీదే కదమ్మా బతికింది, దీనికింత భయమెందుకు" అన్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. మేమే పెట్టుకోవచ్చా? ఇంకో చిన్న ప్రశ్న, దాని మీద పప్పు ఉడుకుతుందా?

జవాబు: ముందు ఈ శనివారం పని ఆపించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ ఆలోచన తప్పని కాదు. నేను వెర్మాంట్‌లో పద్నాలుగు చలికాలాలుగా కట్టెలు కాలుస్తున్నాను, కరెంటు పోయిన రాత్రి ఆ స్టవ్ పక్కన కూర్చుంటే ఎంత ధైర్యంగా ఉంటుందో నాకు తెలుసు. మీ ఆయన అనుకున్నదీ మీ కోసమే, పాప కోసమే. కానీ ఆయన చెప్పిన పద్ధతి, అంటే గొట్టం కాస్త పైకి తోసి సందులు మూసేయడం, ఇక్కడ ఇళ్ళు తగలబడటానికి బాగా పేరుపడ్డ పద్ధతి. ఒకప్పుడు చాలామంది అలాగే పెట్టుకున్నారు, ఇప్పటికీ "మా తాత అలాగే పెట్టాడు, ఏమీ కాలేదు" అనేవాళ్ళు దొరుకుతారు. వాళ్ళ మాట పట్టుకోకండి.

మావయ్యగారి మాటకి కూడా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆయన చెప్పిందాంట్లో నిజం ఉంది. మన ఊళ్ళో పొయ్యి వసారాలోనో, పెరట్లోనో, పెంకుల వంటింట్లోనో ఉండేది. మట్టి గోడ, మట్టి నేల, పెంకుల సందుల్లోంచి పొగ దానంతటదే పోయేది. అంటే ఇల్లే పొగగొట్టం. అయినా ఆ పొగంతా మీ అత్తగారి తరం ఆడవాళ్ళ కళ్ళలోకీ, ఊపిరితిత్తుల్లోకీ పోయింది, ఆ సంగతి ఆవిడనే అడగండి. అందుకే 1950ల నాటికే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో ఎస్.పి. రాజు గారు పొగ బయటికి పోయేలా గొట్టం ఉన్న పొయ్యి తయారుచేసి, ఇంటింటికీ అది రావాలని రాశారు. ఇక మీ ఇంటి సంగతి చూస్తే, గోడల్లో ఉన్నది చెక్క ఫ్రేము, దాని మీద జిప్సం బోర్డు, కింద కార్పెట్, చలికి తలుపులూ కిటికీలూ బిగించి మూసేస్తారు. పొగ బయటికి పోవడానికి గొట్టం తప్ప ఇంకో దారి లేదు. అందుకే నేను స్టవ్ గురించి కంటే గొట్టం గురించే ఎక్కువ మాట్లాడతాను.

స్టవ్‌లో మంట నిలబెట్టేది పొగగొట్టమే. గొట్టం లోపల వేడి గాలి పైకి లేస్తుంటే కింద లాగుడు పుడుతుంది, ఆ లాగుడే పొగని బయటికి తీసుకుపోయి, కొత్త గాలిని కట్టెలకి అందిస్తుంది. గొట్టం వెచ్చగా ఉన్నంతసేపూ ఇది బాగా నడుస్తుంది. మీ స్టవ్ గొట్టం ఆరంగుళాలది అనుకుందాం, చాలావాటికి అంతే. లోపలి వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు. ఆ పాత ఫైర్‌ప్లేస్ చిమ్నీలో బయటి కొలత 12 అంగుళాలుండే నలుచదరపు మట్టి పలకల గొట్టం ఉంటే లోపల దాదాపు 95 చదరపు అంగుళాలు వస్తుంది. అంటే మూడు రెట్లకి పైనే. ఇక్కడ అందరూ పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికా అగ్నిప్రమాద నివారణ సంస్థ) 211 ప్రమాణం ప్రకారం చిమ్నీ ఇంటి మధ్యలోంచి పోతే మూడు రెట్లు మించకూడదు, మీ చిమ్నీలా ఒక్క వైపైనా బయటి చలికి ఆనుకుని ఉంటే రెండు రెట్లు మించకూడదు. ఎందుకంటే, సన్న గొట్టంలోంచి వచ్చిన పొగ ఆ పెద్ద చల్లటి గుహలోకి వెళ్ళగానే నెమ్మదిస్తుంది, చల్లబడుతుంది, గోడలకి తారులా అంటుకుంటుంది. దాన్ని క్రియోసోట్ అంటారు. మొదట మసిలా, తర్వాత పెచ్చులుగా, చివరికి నల్లటి గాజులా గట్టిపడుతుంది. అది కాలే సరుకు. ఏదో ఒక రాత్రి మంట కాస్త ఎక్కువైతే ఒక్క నిప్పురవ్వతో అంటుకుంటుంది. చిమ్నీ లోపల మంట 2000 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోగలదు. అరవై ఏళ్ళ నాటి మట్టి పలకలకి, వాటి మధ్య రాలిపోయిన సిమెంటుకీ ఆ వేడి తట్టుకునే శక్తి ఉండదు, పగుళ్ళలోంచి మంట అటకలోని చెక్కకి చేరుతుంది.

పైగా రాక్‌వూల్ కుక్కాక చిమ్నీ ఊడ్చాలంటే ప్రతిసారీ స్టవ్ బయటికి లాగాలి. 400 పౌండ్ల ఇనుము ఎవరు లాగుతారు? ఎవరూ లాగరు. ఊడ్వడం మానేస్తారు.

మరి ఏం చేయాలంటే, చిమ్నీ స్వీప్‌ని, అంటే చిమ్నీలు ఊడ్చి తనిఖీ చేసేవాళ్ళని పిలవండి, సీఎస్‌ఐఏ (అమెరికా చిమ్నీ భద్రతా సంస్థ) సర్టిఫికెట్ ఉన్న మనిషిని. "లెవెల్ 2 ఇన్‌స్పెక్షన్ కావాలి" అని ఆ మాటే వాడి అడగండి. కెమెరా లోపలికి దింపి పైనుంచి కిందిదాకా చూసి ఫోటోలతో రిపోర్ట్ ఇస్తారు. ఇల్లు చేతులు మారినప్పుడు, కొత్తగా స్టవ్ కలపబోతున్నప్పుడు ఈ తనిఖీయే చేయించాలి, మీ ఇంటికి రెండు కారణాలూ వర్తిస్తాయి. చిమ్నీ గట్టిగానే ఉందంటే, స్టవ్‌లోంచి పొగ బయటికొచ్చే నోటి దగ్గర్నుంచి చిమ్నీ కొస దాకా మధ్యలో ఎక్కడా తెగకుండా ఒకే స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ (లోపలి గొట్టం) దింపిస్తారు, ఆ నోరు ఎంత ఉంటే అంత సైజుది. మీ చిమ్నీ బయటి గోడకి ఉంది కాబట్టి లైనర్ చుట్టూ ఇన్సులేషన్ తప్పకుండా వేయమనండి, ఇది లేకుండా తక్కువ రేటు చెప్పేవాళ్ళుంటారు. పాత డ్యాంపర్ (ఫైర్‌ప్లేస్ పైన చిమ్నీ దారిని మూసే తలుపు) ఉండే చోట రేకుతో అడ్డు పలక వేసి మూస్తారు, లేకపోతే వేడంతా చిమ్నీలోకే ఎక్కిపోతుంది. రాక్‌వూల్ వాడాల్సిన చోటు అది, ఆ పలక మీద. పైన వాన పడకుండా టోపీ. ఇంకో విషయం, మీ ఆయిల్ ఫర్నేస్ పొగ కూడా అదే చిమ్నీలోంచి పోతుందేమో చూడమనండి. ఇటుకల చిమ్నీ ఒకటే అయినా లోపల రెండు వేర్వేరు దారులు ఉండొచ్చు, అది పర్వాలేదు, కానీ రెండూ ఒకే దారిలో కలవకూడదు.

దీనికి స్టవ్ ధరకి ఎన్నో రెట్లు, వేల డాలర్లు అవుతుంది. అది వినగానే మీ ఆయన మొహం ఎలా మారుతుందో ఊహించగలను. అయినా నా లెక్క ఇదే: డబ్బు తక్కువుంటే ఈ ఏడాది లైనర్ మాత్రం వేయించి, స్టవ్ వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోండి. దీన్ని తిరగేసి మాత్రం చేయకండి.

చిమ్నీ ఎత్తు కూడా కొలవమనండి. కప్పులోంచి బయటికొచ్చిన చోటు నుంచి కనీసం మూడడుగులు, చుట్టూ పదడుగుల లోపల ఉన్న దేనికన్నా రెండడుగులు ఎత్తులో ఉండాలి. తక్కువైతే గాలి కొట్టినప్పుడు పొగ వెనక్కి తంతుంది.

ఇక గరాజ్‌లో ఉన్న ఆ స్టవ్. దాని వెనకాల చిన్న లోహపు పలక (లేబుల్) ఉంటుంది, ఏ ల్యాబ్ పరీక్షించింది, ఏ గోడకి ఎంత దూరం పెట్టాలి అన్నీ దాని మీదే ఉంటాయి. ఆ పలక ఉందా? ఉంటే ఫోటో తీసి దాచుకోండి, మోడల్ పేరుతో మాన్యువల్ వెతకండి. లేకపోతే దాన్ని పరీక్షించని స్టవ్ కింద లెక్కేసి, కాలే వస్తువు ఏదైనా సరే అన్ని వైపులా 36 అంగుళాల దూరంలో ఉంచాలి. చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు, కొన్ని టౌన్‌లు అసలు ఒప్పుకోవు. తలుపు సీల్ పరీక్ష తేలిక: డాలర్ నోటు తలుపులో పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే తలుపు అంచున సీల్‌గా ఉండే తాడు అరిగిపోయినట్టే, మార్చాలి. బీటలు ఉన్నాయేమో చీకట్లో లోపల టార్చి వేసి బయటినుంచి చూడమనండి. ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) నిబంధనల ప్రకారం 2020 మే నుంచి అమ్మే కొత్త స్టవ్‌లు గంటకి 2 గ్రాములకి మించి, అసలు కట్టెలతో పరీక్షించినవైతే 2.5 గ్రాములకి మించి మసి వదలకూడదు. పాతవి దీనికి ఎన్నో రెట్లు వదులుతాయి, ఆ వదిలిందంతా మీ చిమ్నీ గోడకీ పక్కింటివాళ్ళ కిటికీకీ అంటుకుంటుంది. నన్నడిగితే ఆ 350 డాలర్ల స్టవ్‌ని పాత ఇనుముకి ఇచ్చేసి, లేబుల్ ఉన్న చిన్న కొత్త స్టవ్ కొనుక్కోండి.

గోడకి దూరం దగ్గర అందరూ పొరబడేది ఒకటుంది. చెక్క గోడ మీద ఇటుకలో టైల్సో నేరుగా అంటించేస్తే ఇక భయం లేదనుకుంటారు. ఇటుక కాలదు, నిజమే, కానీ వేడిని నెమ్మదిగా వెనక్కి పంపిస్తుంది. ఏళ్ళ తరబడి అలా సెగ తగిలిన చెక్క లోపల్లోపలే మాడి, మామూలు చెక్క అంటుకునే వేడి కన్నా చాలా తక్కువకే ఒకరోజు అంటుకుంటుంది. అందుకని రక్షణ పలక అంటే గోడకీ పలకకీ మధ్య ఒక అంగుళం ఖాళీ, కిందా పైనా గాలి తిరిగేలా. అలా రేకు పెడితే 36 అంగుళాల దూరాన్ని 12కి తగ్గించుకోవచ్చు. మీ ఫైర్‌ప్లేస్ పైన చెక్క మాంటెల్ (అరుగులాంటి పలక) ఉంటే దాని దూరం కూడా లేబుల్‌లో చూడండి, అక్కడ దేవుడి పటాలూ ఫోటో ఫ్రేములూ పెట్టుంటే తీసేయండి. స్టవ్ తలుపు ముందు నేల మీద 18 అంగుళాల దాకా కాలని పలక ఉండాలి, అక్కడే నిప్పురవ్వలు పడతాయి.

ఇప్పుడు మన ఇళ్ళకే ప్రత్యేకమైన సంగతి. ఇక్కడి పుస్తకాల్లో దీని గురించి ఒక్క వాక్యం ఉంటుంది, మనకి ఒక పేజీ కావాలి. పోపు ఘాటుకీ చేపల వాసనకీ భయపడి మనవాళ్ళు వంటింట్లో పెద్ద పెద్ద ఎగ్జాస్ట్ హుడ్‌లు పెట్టించుకుంటాం. అది నిమిషానికి కొన్ని వందల ఘనపుటడుగుల గాలిని బయటికి తోస్తుంది. అంత గాలి మళ్ళీ ఎక్కడ్నుంచో లోపలికి రావాలి కదా, ఇల్లు బిగించి ఉంటే అది వచ్చే సులువైన దారి మీ పొగగొట్టమే. అంటే పొగ కిందికి దిగుతుంది. మంట బాగా ఉన్నప్పుడు గొట్టం లాగుడు గట్టిగా ఉండి తట్టుకుంటుంది. ప్రమాదం మంట తగ్గాక. రాత్రి పదింటికి లోపల ఎర్రటి బొగ్గులు మాత్రమే ఉంటాయి, పొగ కనిపించదు, వాసన రాదు, గొట్టం చల్లబడుతుంటుంది, సరిగ్గా అప్పుడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువగా పుడుతుంది. అదే సమయంలో మీరు మర్నాటికి కూర చేస్తూ హుడ్ ఫుల్‌లో పెడితే, ఆ వాయువు హాల్లోకి వస్తుంది, ఎవరికీ తెలియదు.

కాబట్టి స్టవ్ వెలిగించడానికి ముందే ఒక పరీక్ష చేయండి. తలుపులూ కిటికీలూ అన్నీ మూసి, హుడ్, బాత్రూం ఫ్యాన్లు, బట్టల డ్రయ్యర్ అన్నీ ఒకేసారి ఆన్ చేయండి. అగరబత్తి వెలిగించి, స్టవ్ తలుపు కాస్త తెరిచి ఆ సందు దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి పోతే సరే. మీ వైపు వస్తే, స్టవ్ వాడే రోజుల్లో హుడ్ వేసినప్పుడల్లా వంటింటి కిటికీ ఒకటి రెండు అంగుళాలు తెరవాలి, లేదా బయటి గాలి నేరుగా స్టవ్‌కి అందే గొట్టం కిట్ పెట్టించాలి. అత్తగారు వచ్చాక వంటిల్లు ఆవిడ చేతిలో ఉంటుంది కనుక ఈ కిటికీ సంగతి మొదటిరోజే చెప్పండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులో, పడక గదుల బయట పెట్టండి. వాళ్ళు పడుకునే గది బయట మరీ ముఖ్యం. అది మోగితే కిటికీలు తెరుస్తూ కూర్చోకుండా అందరూ బయటికి వెళ్ళి 911కి ఫోన్ చేయాలి.

నాకు ఇది ఎదురైంది కాబట్టి చెప్తున్నాను. రెండో చలికాలం, "బాగా ఎండింది" అని ఒకాయన అమ్మిన ఓక్ కట్టెలు కొన్నాను. చూడ్డానికి బూడిద రంగులో, కొసలు పగిలి, ఎండినట్టే ఉన్నాయి. ఫిబ్రవరికల్లా స్టవ్ సరిగ్గా వెలగడం మానేసింది, నేనేమో గాలి తగ్గించి రాత్రంతా నిప్పు నిలిచేలా చూసుకుంటున్నాను. ఒక రాత్రి రెండింటికి అలారం మోగింది. పిల్లల్ని దుప్పట్లతో కార్లోకి చేర్చి ఫైర్‌వాళ్ళని పిలిచాం. తెల్లారాక స్వీప్ ఎక్కి చూస్తే చిమ్నీ టోపీకి ఉన్న జల్లెడ క్రియోసోట్‌తో పూర్తిగా మూసుకుపోయి ఉంది. కట్టె చీల్చి తేమ మీటరు గుచ్చితే 34 శాతం చూపించింది. 20 లోపుండాలి. అప్పట్నుంచి ఆ 30 డాలర్ల మీటరు లేకుండా నేను కట్టెలు కొనలేదు. మీరూ కొలిచేటప్పుడు పైపైన గుచ్చకండి, కట్టెని అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చాలి. ఓక్ చీల్చి పేర్చాక రెండేళ్ళు ఎండాలి, యాష్, మేపుల్ లాంటివి ఏడాదికి వస్తాయి. ఈ చలికాలానికి మీకు నిజంగా ఎండిన కట్టె దొరకడం కష్టమే, బట్టీలో ఆరబెట్టినవి కొంచెం కొనుక్కుని కరెంటు పోయిన రోజులకే దాచుకోండి. రంగు వేసిన చెక్క, డెక్ చెక్క, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ ఏదీ అందులో వేయొద్దు.

పాప గురించి. స్టవ్ గాజు తలుపు తాకితే క్షణంలో చర్మం ఊడుతుంది. గోడకి స్క్రూలతో బిగించే కంచె పెట్టించండి, ఊరికే నిలబెట్టేది వద్దు. అత్తగారు చీర కట్టుకుంటే కొంగు బొడ్లో దోపుకుని గానీ స్టవ్ తలుపు తెరవొద్దని చెప్పండి, సింథటిక్ చీరలైతే అసలు తెరవొద్దు. తడి బట్టలు దాని దగ్గర ఆరేస్తారు, మూడడుగులు అవతల ఆరేయమనండి. బూడిదలో నిప్పు రెండు మూడు రోజులు బతికే ఉంటుంది. మూతున్న ఇనప బకెట్‌లో తీసి ఇంటికీ డెక్‌కీ దూరంగా, నేల మీద పెట్టాలి. కాగితం సంచిలో వేసి గరాజ్‌లో పెట్టి ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు ఈ ప్రాంతంలో ప్రతి చలికాలం ఉంటారు.

మేమే పెట్టుకోవచ్చా అని అడిగారు. మీ ఆయన చేయగలిగింది చాలా ఉంది: స్టవ్ ముందు నేల మీద కాలని పలక వేయడం, నలుగురు ఫ్రెండ్స్‌తో స్టవ్ మోసి నిలబెట్టడం, కట్టెలకి షెడ్డు, అలారాలు. ఈ పనుల్లో ఆయన ఉత్సాహం అంతా పెట్టొచ్చు. చిమ్నీ లోపలి పని మాత్రం తెలిసినవాళ్ళకి వదిలేయండి. మొదలుపెట్టేముందు మీ టౌన్ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి పర్మిట్ అడగండి, వాళ్ళ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడటం మీకే మంచిది, రెండో జత కళ్ళు ఊరికే దొరుకుతున్నాయి. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఈమెయిల్‌లో చెప్పి, జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి. ఆ తర్వాత ఏటా ఒకసారి స్వీప్‌తో ఊడ్పించాలి.

అక్టోబరుకి ఇదంతా పూర్తి కాకపోవచ్చు, స్వీప్‌లకి ఇప్పుడే రద్దీ. కాకపోతే కాకపోనివ్వండి. ఈలోపు కరెంటు పోతే మావయ్యగారు కుంపటి గుర్తొచ్చి బార్బెక్యూ బొగ్గులు లోపలికి తెద్దామనొచ్చు. ఎంత పెద్దవారైనా ఆ ఒక్కటీ ఒప్పుకోకండి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుఫానులో చలికి తట్టుకోలేక ఇళ్ళలో బొగ్గు గ్రిల్స్ వెలిగించుకుని, గరాజ్‌లో కార్లు ఆన్‌లో ఉంచుకుని ఎంతోమంది కార్బన్ మోనాక్సైడ్‌కి ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. జనరేటర్ కూడా ఇంటికి ఇరవై అడుగుల దూరంలో బయటే ఉండాలి.

పప్పు ఉడుకుతుంది. కానీ కుక్కర్ పెట్టకండి, మంట చటుక్కున తగ్గించే వీలుండదు. కందిపప్పు రెండు గంటలు నానబెట్టి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూత పెట్టి స్టవ్ పైన వెనక వైపు ఉంచితే గంటన్నరలో మెత్తగా అవుతుంది. కొత్త స్టవ్ కొనేటప్పుడు పైభాగం చదునుగా, ఒకే పలకగా ఉన్నది చూసుకోండి. కొన్నింటికి పైన ఇంకో రేకు పొర ఉంటుంది, వాటి మీద నీళ్ళు కూడా మరగవు. మొదటి రెండు మూడు మంటలు చిన్నవి వేసి, కిటికీలు తెరిచి పెట్టండి, కొత్త పెయింట్ కాలి ఘాటు వాసన వస్తుంది, ఆ రోజుల్లో దాని మీద ఏమీ వండొద్దు. తర్వాత దిబ్బరొట్టె వేసి చూడండి, ఇనప మూకుడులో, సన్న సెగ మీద. మా ఇంట్లో మంచు పడ్డ ప్రతి ఆదివారం అదే టిఫిన్.